మా తాత నీళ్ళు మరిచిన దసరా

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాననీళ్ళ కోసం ఇద్దరు పోటీ పడేవారు. ఒకరు కందిపప్పు, ఇంకొకరు కారు. తిరుపతిలో మా వీధి బావి నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళలో పప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉండేది. అందుకని వాన పడినప్పుడల్లా మా అవ్వ చూరు కింద గంగాళాలు పెట్టి నీళ్ళు పట్టేది. పట్టిన నీళ్ళలో సగం మా తాత తీసుకుపోయి కారుకు పోసేవాడు. ఉప్పునీళ్ళు పోస్తే రేడియేటర్ లోపలి సన్న గొట్టాలకు తెల్లగా పెచ్చు కట్టి, కొన్నాళ్ళకు మూసుకుపోతాయని తాత వాదన. మనుషులు ఉప్పునీళ్ళు తాగి కారుకు వాననీళ్ళు పోసే ఇల్లు జిల్లాలో ఇదొక్కటేనని అవ్వ వాదన. రెండూ నిజమే కాబట్టి ఆ తగువు ఎప్పటికీ తెగలేదు.

మా తాతది చింతపండు మండీ. కారు ఆయన చేతికి వచ్చేసరికే ఒకరి దగ్గర వయసు గడిపేసి ఉంది. నల్లరంగు, గుండ్రటి వీపు, ఎండలో నిలబెడితే పెద్ద నేరేడుపండు లాగా మెరిసేది. ఆయన దాన్ని నడిపిన గంటల కంటే దాని ముందు వంగి నిలబడిన గంటలే ఎక్కువ. పొద్దున ఇంకా పూర్తిగా వెలుతురు రాకముందే బానెట్ ఎత్తేవాడు. చల్లటి ఇంజను మీద మంచు చెమ్మ సన్నగా ఉండేది. రేడియేటర్ మూత విప్పి లోపలికి చూసేవాడు. నీళ్ళు అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో వేలితో కొలిచి, తగ్గితే పాత పంచెగుడ్డలో వడకట్టిన వాననీళ్ళు సన్నటి ధారగా పోసేవాడు. తరవాత రబ్బరు గొట్టాలను వైద్యుడు నాడి చూసినట్టు ఒక్కొక్కటిగా నొక్కేవాడు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో అదిమి, ఎంత లోపలికి పోతుందో చూసేవాడు. ఏడాదికి రెండుసార్లు కింది మూత తిప్పి, తుప్పు రంగు నీళ్ళన్నీ వదిలేసి, తేటగా వచ్చేదాకా కడిగి మళ్ళీ నింపేవాడు. ఆ పొద్దుల్లో నేను చెంబు పట్టుకుని పక్కన నిలబడి, సగం నిద్రలో, చెంబులో ఊగే ఆకాశం ముక్కను చూస్తూ ఉండేదాన్ని. చెప్పుకోదగ్గ పని కాదు కానీ ఆ నీళ్ళ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆదివారాలు ఇంకో పని ఉండేది. కారు ముందరి జాలీ వెనకాల రేడియేటర్‌కు పలచటి రేకులు వరసలుగా ఉంటాయి కదా, వాటి సందుల్లో ఈగలు, దోమలు, దూదిపింజలు, సీతాకోకచిలుకల రెక్కలు చిక్కుకునేవి. తాత పాత టూత్‌బ్రష్‌తో వాటిని మెల్లగా దులిపేవాడు. పసుపుపచ్చ రెక్క పొడి ఆయన వేళ్ళకు అంటుకునేది. అది కారు ముక్కని, ఆ సందుల్లోంచి పోయే గాలికే లోపలి నీళ్ళు చల్లబడతాయని, ముక్కు మూసుకుపోతే కడుపులో ఎన్ని నీళ్ళున్నా కారు మరిగిపోతుందని ఆయనే చెప్పాడు. అయితే కారుకు జలుబు చేస్తే ఏం చేస్తావు తాతా అని అడిగాను. ఆయన నవ్వలేదు. దులుపుతున్నాను కదా అన్నాడు.

నాకప్పుడు పదేళ్ళు. నోటి దురద ఎక్కువ. ఎవరైనా గంభీరంగా ఏదైనా చెబుతుంటే అందులో ఎక్కడో ఒకచోట సూది పెట్టి గుచ్చకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఒక పెళ్ళిలో మా మామ తాను చూసిన నాగుపాము సంగతి చెబుతూ చేతులు బారెడు చాపాడు. పోయిన పెళ్ళికి అది మూరెడే కదా మామా, బాగానే ఎదిగిందే అన్నాను. ఆ మామ ఆ తరవాత నేనున్నచోట పాముల ఊసు ఎత్తలేదు. అవ్వ నన్ను తిట్టేది కానీ, తిట్టే ముందు పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. దాన్ని నేను మెప్పు కింద జమ కట్టుకున్నాను.

ఆ ఏడు దసరాకు మా అమ్మ పురిటికి నగరిలో పుట్టింట్లో ఉంది. నాయన మండీ పని మీద మద్రాసు పోయాడు. ఇంట్లో అవ్వ, తాత, నేను. పిల్లను జాగ్రత్తగా చూసుకుంటానని కోడలికి మాట ఇచ్చిన అవ్వ, ఆ మాటను తాళాల గుత్తి లాగా నడుముకు కట్టుకుని తిరిగేది.

ఆయుధ పూజ నాడు మా వీధిలో తక్కెళ్ళు, కత్తిపీటలు, కుట్టుమిషన్లు అన్నిటికీ పసుపు కుంకుమే. మా ఇంట్లో మాత్రం పండగంతా కారుదే. అవ్వ మధ్యాహ్నమంతా కూర్చుని అరటినారతో బంతిపూలు, మామిడాకులు, మరువం కలిపి ఒక మాల అల్లింది. మాల అనడం తప్పు, అది చాప. నాలుగు వేళ్ళ మందాన, కారు మూతికి సరిగ్గా కొలిచి, సందు కనపడకుండా అల్లింది. వాననీళ్ళ తగువుకు అదే ఆమె రాజీ అనుకుంటాను. సాయంత్రం దాన్ని జాలీ మీద కట్టి, మరుసటి రోజు పొద్దుగూకేదాకా తియ్యకూడదని చెప్పి, దీపం వెలుతురులో కొంచెం వెనక్కి జరిగి చూసుకుంది. తాత కూడా చూశాడు. చాలా బాగుందన్నాడు. నిజంగానే చాలా బాగుంది. కారు మూతి నిండా పసుపు రంగు నిద్రపోతున్నట్టుగా ఉంది.

మరునాడు విజయదశమి. పండగైనా తాత తన పద్ధతి మానలేదు. పొద్దున్నే బానెట్ ఎత్తి, మూత విప్పి, నీళ్ళు చూశాడు. చెంబు నేనే పట్టుకున్నాను. అంచుదాకా ఉన్నాయి, రెండు గుక్కలు కూడా పట్టలేదు. తరవాత చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కారును బారెడు ముందుకు కదిపారు. దిష్టి తీసి బూడిద గుమ్మడికాయను వీధిలో పగలగొట్టించింది అవ్వ.

ఆమె లోపలికి పోగానే నేను వీధి పిల్లల్ని పోగుచేసి, ఇంకో గుమ్మడికాయ ముక్క తీసుకుని, అచ్చం అవ్వ లాగే నడుము మీద చెయ్యి పెట్టి, ఊరోళ్ళ కళ్ళు, నావాళ్ళ కళ్ళు అని గొణుగుతూ గుండ్రంగా తిరిగాను. మూడో తిరుగుడులో నా కాలు గుమ్మడి గుజ్జు మీద పడింది. నేను కింద పడిన తీరుకు వచ్చినంత నవ్వు నా జీవితంలో ఇంకే హాస్యానికీ రాలేదు. నేను లేవకపోయేసరికి ఆ నవ్వు ఒక్కొక్కరిలో ఆగిపోతూ వచ్చింది. మణికట్టుకు పైన నా ఎడమచెయ్యి, అంతకు ముందు లేని ఒక మలుపు తిరిగి ఉంది. కుటుంబం మొత్తానికి దిష్టి తగలకుండా కొట్టిన కాయ పని నా ఒక్కదానితో పూర్తయింది.

ఎముక విరిగితే మా వైపు ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవడమే. అయితే పండగ రోజు కట్టు కట్టే పెద్దాయన మధ్యాహ్నం దాకే చూస్తాడని, తరవాత పూజకు పోతే మరుసటి రోజేనని పక్కింటాయన చెప్పాడు. అప్పటికే చెయ్యి వాస్తోంది. వాపు బిగిసిపోయాక ఎముక కుదరడం కష్టం. మా వీధిలో అలా ఆలస్యంగా పోయి చెయ్యి వంకరగా అతుక్కున్న ఒక ఆయన ఉండేవాడు. ఆయన మనకు చెయ్యి ఊపితే పక్కింటివాళ్ళు పలికేవారు. ఆయన మీద అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఆ పొద్దు కారులో పడుకున్నప్పుడు ఆయన తప్ప నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు.

వెనక సీట్లో అవ్వ ఒళ్ళో నా తల. చెయ్యి ఒక పీట మీద పంచెగుడ్డతో కట్టి ఉంది. రేణిగుంట దాటినా అవ్వ ఏడుస్తూనే ఉంది. గట్టిగా కాదు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

"ఆ కాయి కొట్టిచ్చింది నేనే గదా. బిడ్డ సెయ్యి నేనే ఇరిసినట్టు గదా. రేపు దాని అమ్మకు ఏ మొగం సూపిచ్చేది?"

తాత దారి చూస్తూ నడిపాడు. మాలతో పోతున్న కారును చూసి దారి పక్కన జనం దండాలు పెడుతున్నారు. నొప్పి ఎక్కువయ్యేకొద్దీ నాకు లోకం కొంచెం దూరంగా జరిగినట్టు, అన్నీ నీళ్ళ అడుగున కదులుతున్నట్టు అనిపించింది. కొండలు మెల్లగా వెనక్కి ఈదుకుంటూ పోతున్నాయి. ఎక్కడి నుంచో ఒక తియ్యటి, చేదు వాసన వచ్చింది. పూలు ఉడికే వాసన. అది కలే అనుకున్నాను.

వడమాలపేట ఇంకా రాకముందే, ఒక మామిడితోపు పక్కన తాత కారు ఆపేశాడు. బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది. తాత నన్ను ఎత్తుకుని చెట్టు నీడలో కూర్చోబెట్టాడు. ఆవిరిలో ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు కూడా వచ్చింది. అంత అందంగా చెడిపోయిన బండిని నేను మళ్ళీ చూడలేదు.

డిక్కీలో రెండు డబ్బాల వాననీళ్ళు ఎప్పుడూ ఉంటాయని అవ్వకు తెలుసు. వెంటనే పొయ్యమంది. తాత తల అడ్డంగా ఊపాడు. మరిగే రేడియేటర్ మూత ఇప్పుడు విప్పితే ఉడుకునీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఇంజను చిట్లుతుంది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి తియ్యకుండా ఉంచగలిగేదాకా ముట్టుకోకూడదు. ఇదంతా ఆయన నెమ్మదిగా, మండీలో కూలీలకు చెప్పినట్టు చెప్పి, బానెట్ ఎత్తి గాలికి వదిలేశాడు.

మామిడాకుల నీడ మా కాళ్ళ దగ్గరికి కుదించుకుంటోంది. మధ్యాహ్నం అవుతోందని అందరికీ తెలుసు. ఇంజను లోపల ఇనుము చల్లబడుతూ టిక్కు, టిక్కుమంటోంది. ఆ చప్పుడుకూ ఆ చప్పుడుకూ మధ్య దూరం పెరుగుతూ ఉంది. తోపులో ఎక్కడో ఒక పిట్ట అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు తాత కారు ముందుకు పోయి, మాల వెనకాలకు రెండు వేళ్ళు పోనిచ్చాడు. వేళ్ళు బయటికి తీసి చూసుకున్నాడు. ముందు వైపు పూలు పొద్దున ఎలా ఉన్నాయో అలాగే నవ్వుతున్నాయి. వెనక వైపువి కూరలాగా ఉడికి, రంగు పోయి, ఆయన వేళ్ళకు అంటుకున్నాయి. నేను కూర్చున్నచోటికి అది స్పష్టంగా కనపడింది. ఆదివారం ఆదివారం ఈగ రెక్క కూడా ఉండనివ్వని ముక్కుకు, నాలుగు వేళ్ళ మందాన చాప కట్టి, ఇంత దూరం పరుగెత్తించాము. నాకే అర్థమయినప్పుడు ఆయనకు అర్థం కాదా.

అవ్వకు ఆ వేళ్ళు కనపడలేదు. కానీ ఆయన నిలబడిన తీరు కనపడింది.

"ఏమయ్యా? యాడ తప్పు జరిగిండాది? నిజం సెప్పు."

తాత వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. కొంచెం సేపు అవ్వ మొహం చూశాడు. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి ఆ మొహం సగమైపోయి ఉంది.

"తప్పు నాదేమే. పొద్దున నీళ్ళు సూడలే. పండగ సందట్లో మర్సిపోయినా."

నా నోరు తెరుచుకుంది. చెంబు పట్టుకున్నది నేను. అంచుదాకా నీళ్ళు చూసింది నేను. జీవితంలో ఇంత పెద్ద సూది, ఇంత మంచి చోటు, నాకు అంతకు ముందు దొరకలేదు. తాత నా వైపు తిరగలేదు, కన్ను గీటలేదు, చెప్పొద్దని సైగ చెయ్యలేదు. నేనక్కడ ఉన్నట్టే ఆయనకు గుర్తున్నట్టు లేదు. నేను అవ్వ వైపు చూశాను.

అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిటారుగా నిలబడింది. ఆమె మొహంలోకి రక్తం తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను.

"మర్సిపోయినావా? పప్పుకు లేకుండా గంగాళాలు గంగాళాలు ఎత్తకపోయి, బిడ్డ పానం మీదికి వచ్చిన పొద్దు మర్సిపోయినావా నువ్వు? తిండి మర్సిపోతివా? సుట్ట మర్సిపోతివా?"

అక్కడి నుంచి ఆమెకు అడ్డులేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన మరిచిపోయినవన్నీ తేదీల వారీగా బయటికి వచ్చాయి. వాటిలో కొన్ని మా నాయన పుట్టకముందువి. తాత చేతులు కట్టుకుని, వాన పడుతుంటే చూరు కింద నిలబడినవాడిలాగా నిలబడ్డాడు. అవ్వ ఏడుపు మాత్రం ఆగిపోయింది. నేను నోరు మూసుకున్నాను. నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకోవడం నాకు అదే మొదటిసారి. దవడ కొంచెం నొప్పి కూడా పెట్టినట్టుంది. ఆ పొద్దు ఏ నొప్పి దేనిదో తేల్చుకోవడం కష్టం.

తిట్లు కొంచెం నెమ్మదించాక తాత, మూత తీస్తే ఉడుకునీళ్ళు చింది అమ్మవారి పూల మీద పడతాయని, అది మంచిది కాదని, నువ్వే నీ చేత్తో తీసి భద్రంగా ఒళ్ళో పెట్టుకోమని అవ్వకు చెప్పాడు. ఆమెకు ఆ మాట సబబుగానే తోచింది. మాలను మడత పడకుండా తీసి, వెనక వైపు ఉడికిన పూలను చూసి, చూడు, నీ మరుపుకు అమ్మవారి పూలు కూడా ఉడికిపోయినాయని ఇంకో రెండు అంది. తాత దానికీ తల ఊపాడు.

అరచెయ్యి నిలిచేంత చల్లబడ్డాక, తడిపిన గోనెపట్ట మూత మీద కప్పి, కొంచెమే తిప్పి ఆగాడు. బుస్సుమని ఆవిరి పోయింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి, మిగతా సగం తిప్పాడు. ఇంజను స్టార్టు చేసి, అది తిరుగుతుండగా నీళ్ళు సన్న ధారగా పోశాడు. ఆ ధారలో ఎండ మెరిసింది. మళ్ళీ బయలుదేరాక ఖాళీ మూతిలోంచి గాలి హాయిగా లోపలికి పోయే చప్పుడు నాకు వెనక సీట్లోకి వినపడింది. వేడి చూపించే ముల్లు మళ్ళీ కదలలేదు. అవ్వ ఒళ్ళో సగం నేను, సగం బంతిపూలు.

మేము పుత్తూరు చేరేసరికి కట్టు కట్టే పెద్దాయన కాళ్ళు కడుక్కుని పూజకు లేస్తున్నాడు. నా చెయ్యి చూసి మళ్ళీ కూర్చున్నాడు. ఏ క్లాసు పాపా అని అడిగాడు. ఐదు అనబోయాను. ఐ అనేది మామూలుగా అన్నాను, మిగతాది ఊరంతా వినపడేలా అన్నాను. ఆ రెండు అక్షరాల మధ్య ఎముక తన చోటికి పోయింది. తరవాత ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి గుడ్డ మీద పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. మా ఇంటి గడప కోడిగుడ్డు ఎన్నడూ దాటలేదు. అవ్వ గోడ వైపు తిరిగి, మందే కదా అని గోడకు నచ్చజెప్పింది. ఇంకో గంట ఆలస్యమయ్యుంటే వాపు మీద చెయ్యి వెయ్యలేకపోయేవాణ్ణని ఆయన అన్నాడు. ఇంటి దారిలో తాతకు ఆ గంట పేరుతో ఇంకో విడత పడింది.

నలభై రోజులకు కట్టు విప్పారు. చెయ్యి తిన్నగా అతుక్కుంది. తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ వచ్చింది. అవ్వ ఆమెకు చెప్పిన కథలో గుమ్మడికాయ చాలా చిన్నది, తాత మరుపు చాలా పెద్దది. ఆ తరవాత మా చుట్టాల్లో అది తాత నీళ్ళు మరిచిన దసరా అయింది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు, కారు ఎక్కబోతూ, నీళ్ళు చూసినావా పెద్దాయనా అనేవారు. అందరూ నవ్వేవారు. అంతకు ముందు కారుకు ఏం చెయ్యాలో అడగడానికి మండీ వీధిలో జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆ ఏడు నుంచి రావడం కొంచెం తగ్గించారు. ఆయన పొద్దున్నే బానెట్ ఎత్తడం మాత్రం ఒక్క రోజూ తగ్గలేదు. ఆ జోకు మీద నేను కూడా నవ్వాను. అందరిలోకీ నోరు పెద్దదాన్ని, నవ్వకపోతే అనుమానం వస్తుంది. మరుసటి దసరాకు మాల కట్టేటప్పుడు, అమ్మవారు ఎత్తులో ఉండాలని చెప్పి, తాత దాన్ని కారు కప్పు మీద కట్టించాడు. అవ్వకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

అవ్వ పోయిన తరవాత ఒక మధ్యాహ్నం, తాత పక్కన ఎవరూ లేనప్పుడు, నేను అడిగాను. ఆ పొద్దు నీళ్ళు అంచుదాకా ఉన్నాయి కదా తాతా అన్నాను. అప్పటికి నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఆయన నన్ను సూటిగా చూశాడు.

"లేదు పాపా. మర్సిపోయినా. మీ అవ్వ అన్నేండ్లు సెప్పింది గదా, అబద్దమా?"

ఇంట్లో ఇద్దరమే. వినేవాళ్ళు లేరు. ఆమె లేదు. అయినా ఆయన ఆమెకు ఇచ్చింది వెనక్కి తీసుకోలేదు. నేను, అవును తాతా, మరిచిపోయినావు అన్నాను. ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నాడు.

నా నోరు ఈనాటికీ మారలేదు. మనవళ్ళు ఏదైనా గొప్పగా చెప్పబోయే ముందు నేను గదిలో ఉన్నానా అని చూసుకుంటారు. ఎక్కువసార్లు గుచ్చుతాను, తప్పదు, అది నా తత్వం. కానీ ఎప్పుడైనా పూర్తిగా నిజమైన మాట ఒకటి నాలుక చివరికి వచ్చి నిలబడితే, ఎదురుగా ఉన్న మొహం ఒకసారి చూస్తాను. ఆ మొహం అప్పటికే ఏడ్చి ఉంటే, ఆ తప్పు నాదేనని చెప్పేస్తాను. దాని తరవాత పడే తిట్లు వింటూ చేతులు కట్టుకుని నిలబడతాను. తిట్టేవాళ్ళ మొహంలోకి రక్తం తిరిగి రావడం చూస్తూ ఉంటాను.